పదో తరగతి లెక్కల సూత్రాలు: పరీక్ష ముందు రివిజన్ ఇలా చేయండి

ఫిబ్రవరి వచ్చిందంటే పదో తరగతి పిల్లల చేతుల్లో సూత్రాల చిన్న పుస్తకాలు కనిపిస్తాయి. బస్సులో, స్టడీ అవర్‌లో, అన్నం తింటూ కూడా వాటినే వల్లె వేస్తుంటారు. పదో తరగతికి లెక్కలు చెప్తూ నేను చూసింది ఏమిటంటే, సూత్రం మర్చిపోయి పోయే మార్కుల కంటే, బాగా గుర్తున్న సూత్రంలో తప్పు సంఖ్య వేసి పోగొట్టుకునే మార్కులే ఎక్కువ.

ఒకసారి ప్రీఫైనల్‌లో ఈ లెక్క ఇచ్చాను. అర్ధగోళం మీద శంకువు నిలబెట్టిన బొమ్మ, వ్యాసార్ధం 7 సెం.మీ., బొమ్మ మొత్తం ఎత్తు 31 సెం.మీ., ఉపరితల వైశాల్యం ఎంత? క్షేత్రమితి సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పే ఒక అమ్మాయి శంకువు ఎత్తు దగ్గర 31 వేసింది. ఆ 31లో అర్ధగోళం ఎత్తు 7 కూడా కలిసి ఉంది. శంకువు ఎత్తు 24 మాత్రమే. అక్కడి నుంచి ప్రతి అంకె తప్పింది. పేపరు చేతికిచ్చినప్పుడు ఆ పిల్ల ముఖం చూశాక, సూత్రాలు చెప్పే పద్ధతే మార్చుకున్నాను. ఇప్పుడు ప్రతి సూత్రంతో పాటు అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ జారిపడతాం అన్న రెండూ రాయిస్తాను. కింద చెప్పేదంతా ఆ పద్ధతే.

ముందుగా ఒక షీట్ తయారు చేయండి

కొన్న పుస్తకం పక్కన పెట్టి, నాలుగు తెల్లకాగితాలు తీసుకోండి. ఒక్కో కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి దాంట్లో సూత్రం, రెండో దాంట్లో ప్రశ్నలో ఏ మాట కనిపిస్తే ఆ సూత్రం వాడాలో, మూడో దాంట్లో మీరు స్వయంగా చేసిన తప్పు రాయండి. మూడో భాగం నింపాలంటే పాత పరీక్షల పేపర్లు తీయాల్సిందే. ఎర్ర ఇంకు పడిన చోట్లు చూడటం కష్టంగానే ఉంటుంది, కానీ మీ మార్కులు పోయింది అక్కడే కదా.

పక్కన పాఠ్యపుస్తకం విషయసూచిక పెట్టుకోండి. సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢి లాంటివి కొన్ని పుస్తకాల్లో ఉంటాయి, కొన్నింట్లో ఉండవు. మీ పుస్తకంలో లేనిది నేర్చుకుంటూ సమయం పోగొట్టుకోవద్దు.

బీజగణితం

వాస్తవ సంఖ్యల్లో గట్టిగా పట్టుకోవాల్సింది ఒక్కటే: రెండు సంఖ్యల లబ్ధం = వాటి క.సా.గు × గ.సా.భా. 12, 18 తీసుకోండి. గ.సా.భా 6, క.సా.గు 36. 6 × 36 = 216, 12 × 18 కూడా 216. కానీ ఇది రెండు సంఖ్యలకే. 2, 4, 6 తీసుకుంటే గ.సా.భా 2, క.సా.గు 12, వాటి లబ్ధం 24. మూడు సంఖ్యల లబ్ధం మాత్రం 48. అంతమయ్యే దశాంశం కావాలంటే, భిన్నాన్ని సూక్ష్మ రూపంలోకి తెచ్చాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉండకూడదు. సంవర్గమానాలు మీ సిలబస్‌లో ఉంటే, లబ్ధానికి లాగ్ తీస్తే లాగ్‌ల మొత్తం వస్తుంది. మొత్తానికి లాగ్ తీసి విడగొట్టే సూత్రం ఏదీ లేదు. ఆ తప్పు ఏటా చూస్తూనే ఉన్నాను.

వర్గ సమీకరణం దగ్గర కాస్త నిదానంగా వెళ్లాలి. ఎక్స్² ముందున్న సంఖ్య ఏ, ఎక్స్ ముందున్నది బి, ఒంటరిగా ఉన్నది సి. అప్పుడు

ఎక్స్ = (−బి ± √(బి² − 4ఏసి)) ÷ 2ఏ

2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 చేద్దాం. ఇక్కడ బి అంటే −7, గుర్తుతో సహా. కాబట్టి −బి అంటే +7. బి² − 4ఏసి = 49 − 24 = 25. దాని వర్గమూలం 5. మూలాలు 12/4, 2/4, అంటే 3, 1/2. భాగహారం గీత −బి కింద కూడా రావాలి. చాలామంది వర్గమూలం కిందే గీత గీసి ఆపేస్తారు.

జవాబు సరైనదో కాదో పరీక్ష హాల్లోనే తేల్చుకోవచ్చు. మూలాల మొత్తం −బి/ఏ, లబ్ధం సి/ఏ. మన మూలాల మొత్తం 3 + 1/2 = 7/2, లబ్ధం 3/2. రెండూ సరిపోయాయి. ఇరవై సెకన్ల పని. బహుపదుల శూన్యాల పాఠంలో ఉన్నవీ ఈ రెండు సూత్రాలే, కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు.

బి² − 4ఏసి పేరు విచక్షణి. అది ధనాత్మకమైతే రెండు వేర్వేరు వాస్తవ మూలాలు, సున్నా అయితే సమాన మూలాలు, రుణాత్మకమైతే వాస్తవ మూలాలు లేవు. ప్రశ్నలో ‘సమాన మూలాలు’ అన్న మాట కనిపించగానే విచక్షణి = 0 అని రాసేయండి. ఎక్స్² + కెఎక్స్ + 9 = 0కు సమాన మూలాలుంటే కె² = 36. కె విలువ 6 అని రాసి వదిలేస్తే సగమే రాసినట్టు. −6 కూడా జవాబే.

రేఖీయ సమీకరణాల జతలో ఎక్స్ ముందున్న సంఖ్య ఏ, వై ముందున్నది బి, ఒంటరిగా ఉన్నది సి. రెండు సమీకరణాల ఏ నిష్పత్తి, బి నిష్పత్తి, సి నిష్పత్తి మూడూ వరుసగా రాసుకోండి. మొదటి రెండూ వేరైతే ఖండన రేఖలు. మొదటి రెండూ సమానమై మూడోది వేరైతే సమాంతర రేఖలు, సాధన ఉండదు. మూడూ సమానమైతే ఏకీభవించే రేఖలు, సాధనలు అనంతం. నిష్పత్తులు రాసే ముందు రెండు సమీకరణాలనూ ఒకే రూపంలోకి తెచ్చారో లేదో చూసుకోండి.

శ్రేఢులు

అంకశ్రేఢిలో ఎన్‌వ పదం = మొదటి పదం + (ఎన్ − 1) × పదాంతరం. ఆ ‘మైనస్ ఒకటి’ ఎందుకో అర్థమైతే మళ్లీ మర్చిపోరు. రోడ్డు పక్కన 20 కరెంటు స్తంభాలుంటే వాటి మధ్య ఖాళీలు 19. మొదటి స్తంభం దగ్గర నుంచి ఇరవయ్యో స్తంభానికి వెళ్లాలంటే 19 ఖాళీలు దాటాలి. 7, 11, 15… శ్రేఢిలో 20వ పదం 7 + 19 × 4 = 83.

మొత్తానికి సూత్రం ఎన్/2 × (మొదటి పదం + చివరి పదం). మొదటిదాన్ని చివరిదానితో, రెండోదాన్ని చివరి నుంచి రెండోదానితో జత కట్టండి. ప్రతి జత మొత్తం ఒకటే వస్తుంది. పై శ్రేఢిలో 20 పదాలు, 10 జతలు, ఒక్కో జత 90, మొత్తం 900. పుస్తకంలో ఉండే రెండో రూపం ఎన్/2 × [2 × మొదటి పదం + (ఎన్ − 1) × పదాంతరం]. చివరి పదం స్థానంలో దాని సూత్రం పెడితే ఇదే వస్తుంది. చివరి పదం ఇస్తే మొదటి రూపం, ఇవ్వకపోతే రెండోది.

‘మూడంకెల సంఖ్యల్లో 7తో భాగించబడేవి ఎన్ని?’ లాంటి ప్రశ్నల్లో మొదటి పదం 105, చివరి పదం 994. తేడా 889ని 7తో భాగిస్తే 127. అవి ఖాళీలు. స్తంభాలు 128. ఈ ఒకటి కలపడం మర్చిపోయేవాళ్లు తరగతిలో సగం మంది ఉంటారు.

గుణశ్రేఢి ఉంటే కూడిక బదులు గుణకారం, అంతే తేడా. 2, 6, 18… లో అయిదో పదం 2 × 3⁴ = 162. ఇక్కడా ఖాళీలు నాలుగే.

జ్యామితి

దూర సూత్రం వేరే సూత్రం అనుకోవద్దు, అది పైథాగరస్ సిద్ధాంతమే. (2, 3), (5, 7) బిందువుల మధ్య అడ్డంగా 3, నిలువుగా 4. కర్ణం 5. అదే దూరం.

విభజన సూత్రంలో నిష్పత్తిని అడ్డంగా గుణించాలి, అంటే మొదటి సంఖ్య రెండో బిందువుతో, రెండో సంఖ్య మొదటి బిందువుతో. (1, 2), (7, 5)లను కలిపే రేఖను 2:1లో విభజించే బిందువు ఎక్స్ విలువ (2 × 7 + 1 × 1) ÷ 3 = 5, వై విలువ (2 × 5 + 1 × 2) ÷ 3 = 4. 2:1 అంటే మూడింట రెండు వంతుల దారి నడిచినట్టు. 1 నుంచి 7కు దూరం 6, అందులో రెండు వంతులు 4, కాబట్టి 5 దగ్గర ఉండాలి. సరిపోయింది. గుణకారం తారుమారు చేసి ఉంటే జవాబు మొదటి బిందువుకు దగ్గరగా వచ్చి, తప్పు మీకే కనిపించేది. మధ్యబిందువు అంటే 1:1. త్రిభుజం గురుత్వ కేంద్రం అంటే మూడు శీర్షాల సగటు.

వృత్తం దగ్గర రెండు మాటలు చాలు. స్పర్శరేఖ, స్పర్శ బిందువు దగ్గర వ్యాసార్ధానికి లంబంగా ఉంటుంది. బాహ్య బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖల పొడవులు సమానం. కేంద్రం నుంచి 10 సెం.మీ. దూరంలో ఉన్న బిందువు, వ్యాసార్ధం 6 అయితే స్పర్శరేఖ పొడవు √(100 − 36) = 8. కేంద్రం దగ్గరిది కాదు, స్పర్శ బిందువు దగ్గరి కోణమే 90°, కాబట్టి 10 కర్ణం అవుతుంది.

సెక్టారు వైశాల్యం అంటే వృత్తంలో వాటా: (కోణం ÷ 360) × పై × ఆర్². ఇందులో పై విలువ 22/7గా తీసుకుంటాం, ఆర్ అంటే వ్యాసార్ధం. వృత్తఖండం కావాలంటే సెక్టారు నుంచి త్రిభుజం తీసేయాలి. వ్యాసార్ధం 14, కోణం 90° అయితే సెక్టారు 154, త్రిభుజం 98, వృత్తఖండం 56 చ.సెం.మీ.

క్షేత్రమితి: ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి

సూత్రాలు ఎక్కువగా ఉండేదీ, పిల్లలు ఎక్కువగా భయపడేదీ ఈ పాఠమే. నిజానికి గుర్తుంచుకోవాల్సినవి కొన్నే.

స్థూపం ఘనపరిమాణం = భూవైశాల్యం × ఎత్తు, అంటే పై × ఆర్² × హెచ్. అదే భూమి, అదే ఎత్తు ఉన్న శంకువు అందులో మూడో వంతు. ఇంట్లో కాగితంతో రెండూ చేసి, శంకువుతో బియ్యం కొలిచి స్థూపంలో పోయండి. మూడుసార్లకు నిండుతుంది. ఒక్కసారి చేసి చూసిన పిల్లలు ఆ 1/3ని మర్చిపోవడం నేను చూడలేదు.

ఇక గోళం. స్థూపంలో సరిగ్గా ఇమిడే గోళాన్ని ఊహించుకోండి. స్థూపం ఎత్తు గోళం వ్యాసానికి సమానం, అంటే 2ఆర్. అదే స్థూపంలో ఇమిడే శంకువును కూడా తీసుకుంటే, శంకువు, గోళం, స్థూపం ఘనపరిమాణాలు 1:2:3 నిష్పత్తిలో ఉంటాయి. స్థూపం పై × ఆర్² × 2ఆర్ = 2 × పై × ఆర్³. అందులో మూడింట రెండు వంతులు 4/3 × పై × ఆర్³. గోళం సూత్రం ఇలా వచ్చేస్తుంది. గోళం ఉపరితల వైశాల్యం కూడా ఆ స్థూపం ప్రక్కతల వైశాల్యానికే సమానం: 2 × పై × ఆర్ × 2ఆర్ = 4 × పై × ఆర్². రెండువేల ఏళ్లకు ముందే ఆర్కిమెడిస్ దీన్ని కనుక్కుని, తన సమాధి మీద స్థూపంలో గోళం బొమ్మ చెక్కించమని కోరుకున్నాడు. అంత ఇష్టపడ్డాడు ఈ ఫలితాన్ని!

వైశాల్యాల దగ్గర సూత్రం కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ‘ఈ వస్తువుకు రంగు వేయమంటే బ్రష్ ఎక్కడెక్కడ తగులుతుంది?’ స్థూపం చుట్టూ వేస్తే 2 × పై × ఆర్ × హెచ్. కింద, పైన మూతలకు కూడా వేస్తే ఇంకో 2 × పై × ఆర్². శంకువు చుట్టూ పై × ఆర్ × ఎల్. ఇందులో ఎల్ ఏటవాలు ఎత్తు, √(ఆర్² + హెచ్²). అర్ధగోళం వంపు వరకు 2 × పై × ఆర్², బల్లపరుపు మూతతో కలిపి 3 × పై × ఆర్².

ఇప్పుడు ఆ బొమ్మ లెక్క మళ్లీ చేద్దాం. శంకువు ఎత్తు 31 − 7 = 24. ఏటవాలు ఎత్తు √(49 + 576) = 25. శంకువు అర్ధగోళానికి అతుక్కున్న చోట బ్రష్ తగలదు, కాబట్టి ఆ వృత్తాలను లెక్కలోకి తీసుకోకూడదు. శంకువు చుట్టూ 22/7 × 7 × 25 = 550. అర్ధగోళం వంపు 2 × 22/7 × 49 = 308. మొత్తం 858 చ.సెం.మీ. వైశాల్యంలో అతుకు తీసేయాలి. ఘనపరిమాణం అడిగితే మాత్రం రెండింటినీ పూర్తిగా కలిపేయాలి.

‘కరిగించి’, ‘పోత పోసి’, ‘తవ్విన మట్టిని పరచి’ అన్న మాటలు ఉంటే పాత ఘనపరిమాణం = కొత్త ఘనపరిమాణం అని రాయండి. రెండు వైపులా ఉన్న పై కొట్టేయొచ్చు. తొందరపడి ముందే 22/7 వేస్తే గుణకారాలు పెరిగి తప్పులొస్తాయి. 1 లీటరు 1000 ఘ.సెం.మీ., 1 ఘనపు మీటరు 1000 లీటర్లు. ప్రశ్నలో ఒకటి మీటర్లలో, ఇంకొకటి సెంటీమీటర్లలో ఉంటే ముందు అన్నీ ఒకే ప్రమాణంలోకి మార్చండి. వ్యాసం ఇచ్చి వ్యాసార్ధం అనుకునేలా చేసే ప్రశ్నలూ వస్తాయి, ఆ మాట కింద గీత గీయండి.

త్రికోణమితి

పట్టికను బట్టీ పట్టనక్కర్లేదు. 0°, 30°, 45°, 60°, 90° అని వరుసగా రాసి, కింద 0, 1, 2, 3, 4 రాయండి. ఒక్కోదాన్ని 4తో భాగించి వర్గమూలం తీయండి. వచ్చేవి 0, 1/2, 1/√2, √3/2, 1. ఇదే సైన్ వరుస. దీన్నే తిరగరాస్తే కాస్. సైన్‌ను కాస్‌తో భాగిస్తే టాన్. కొసీకెంట్, సీకెంట్, కాట్ వాటి వ్యుత్క్రమాలు. సీకెంట్ జోడీ సైన్ అనుకుంటారు కొందరు, అది కాస్.

సర్వసమీకరణాల్లో తల్లి ఒక్కటే: సైన్² + కాస్² = 1. దీన్ని కాస్²తో భాగిస్తే టాన్² + 1 = సీకెంట్². సైన్²తో భాగిస్తే 1 + కాట్² = కొసీకెంట్². ఖాళీ కాగితం మీద ఈ రెండు భాగహారాలూ మూడు రోజులు చేయండి, చాలు.

టాన్² + 1 = సీకెంట్² నుంచి ఒక మంచి పనిముట్టు వస్తుంది. సీకెంట్² − టాన్² = 1 కాబట్టి (సీకెంట్ + టాన్), (సీకెంట్ − టాన్) ఒకదానికొకటి వ్యుత్క్రమాలు. సీకెంట్ + టాన్ = 3 అని ఇస్తే సీకెంట్ − టాన్ = 1/3. రెండూ కలిపి సగం చేస్తే సీకెంట్ 5/3. తీసివేసి సగం చేస్తే టాన్ 4/3. సైన్ 4/5. పెద్ద లెక్కలా కనిపించినది నాలుగు వరుసల్లో అయిపోయింది.

నిరూపించమన్న లెక్కల్లో దారి తోచకపోతే అన్నిటినీ సైన్, కాస్‌లలోకి మార్చండి. అందంగా ఉండకపోవచ్చు, కానీ ఎక్కడో ఒక దగ్గర తెగుతుంది. కష్టంగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి రెండో వైపుకు రండి.

ఎత్తులు, దూరాల్లో బొమ్మ గీయకుండా ఒక్క అక్షరం రాయొద్దు. బొమ్మకూ మార్కులుంటాయి. తెలిసిన భుజం, కావాల్సిన భుజం ఏవో చూస్తే ఏ నిష్పత్తి వాడాలో తేలిపోతుంది, ఎక్కువసార్లు టానే. టవరు అడుగు నుంచి 30 మీ. దూరంలో ఊర్ధ్వ కోణం 30° అయితే ఎత్తు 30 × 1/√3 = 10√3 మీ. నిమ్న కోణాన్ని పైనున్న మనిషి కంటి దగ్గర, అడ్డగీతకు కిందుగా గుర్తించాలి. నిలువు గీతతో చేసే కోణం అనుకుంటే లెక్కంతా పోతుంది.

సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత

మధ్యగతం సూత్రం పొడవుగా ఉంది గానీ దాని కథ చిన్నది. 50 మంది మార్కుల వరుసలో నిలబడ్డారు, మధ్యలో ఉన్నది 25వ స్థానం. 40లోపు మార్కులు 22 మందికి వచ్చాయి, 40–50 తరగతిలో 12 మంది ఉన్నారు. 25కు చేరాలంటే ఆ 12లో 3 మందిని దాటాలి. తరగతి పొడవు 10 కాబట్టి 40 + (3/12) × 10 = 42.5. సూత్రం చెప్పేదీ ఇదే: దిగువ హద్దు + ((ఎన్/2 − సంచిత పౌనఃపున్యం) ÷ పౌనఃపున్యం) × తరగతి పొడవు. ఇందులో సంచిత పౌనఃపున్యం (అక్కడి వరకు కూడుకుంటూ వచ్చిన మొత్తం) ముందు తరగతిది, పౌనఃపున్యం మధ్యగత తరగతిది. మార్కులన్నీ ఈ తికమకలోనే పోతాయి.

బాహుళకం = దిగువ హద్దు + ((ఎఫ్1 − ఎఫ్0) ÷ (2ఎఫ్1 − ఎఫ్0 − ఎఫ్2)) × తరగతి పొడవు. ఎఫ్1 అతి పెద్ద పౌనఃపున్యం, ఎఫ్0 దాని ముందుది, ఎఫ్2 తర్వాతది. 8, 12, 6 అయితే 4 ÷ (24 − 14) = 0.4. తరగతి 40–50 అయితే బాహుళకం 44. జవాబు ఆ తరగతి బయట పడితే ఎక్కడో తప్పు చేశారని అర్థం, మధ్యగతానికీ అంతే.

సంభావ్యత జవాబు ఎప్పుడూ 0 నుంచి 1 వరకే ఉంటుంది. రెండు పాచికలైతే 36 పర్యవసానాలు, మొత్తం 7 వచ్చేవి 6. పేకముక్కలు 52, ఒక్కో గుర్తుకు (ఇస్పేటు, ఆఠీన్, డైమండ్, కళావరు) 13. బొమ్మ ముక్కలు 12, అందులో ఆసు లేదు. ‘కాకపోవడానికి’ అని అడిగితే 1 నుంచి తీసేయండి.

చివరి పది రోజులు

రోజూ పొద్దున్నే ఒక ఖాళీ కాగితం మీద ఒక పాఠం సూత్రాలు చూడకుండా రాయండి. తర్వాత మీ షీట్‌తో పోల్చి, రానివి మాత్రమే ఎర్ర పెన్నుతో దిద్దండి. మర్నాడు ముందు ఆ ఎర్రవే రాయండి. వచ్చిన సూత్రాన్ని పదిసార్లు రాస్తే ధైర్యం వస్తుందేమో గానీ మార్కులు పెరగవు. సాయంత్రం అదే పాఠం నుంచి పాత ప్రశ్నపత్రంలోని రెండు పెద్ద లెక్కలు గడియారం పెట్టుకుని చేయండి. క్షేత్రమితికి, త్రికోణమితికి రెండేసి రోజులు ఇవ్వండి. పరీక్ష ముందు రోజు రాత్రి షీట్‌లో మూడో భాగం, మీ తప్పుల వరుస, ఒక్కసారి చదివి పడుకోండి. అప్పుడు కొత్త లెక్క మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ రాదు.

పరీక్ష హాల్లో కూర్చోగానే రఫ్ వర్క్ చోట త్రికోణమితి పట్టిక వేసేయండి, అయిదు కోణాలకూ సైన్ వరుస చాలు. ప్రతి లెక్కలో ఇచ్చినవి ఒక వరుస, సూత్రం ఒక వరుస, ప్రతిక్షేపణ ఒక వరుస రాయండి. చివర గుణకారం తప్పినా ఆ స్టెప్‌లకు మార్కులు వస్తాయి. జవాబు పక్కన సెం.మీ., చ.సెం.మీ., ఘ.సెం.మీ. ఏది రావాలో చూసుకోండి.

చివరి పది నిమిషాలు మిగిలితే కొత్త ప్రశ్న జోలికి వెళ్లకండి. వర్గ సమీకరణం మూలాల మొత్తం సరిపోయిందా, కె విలువకు ± రాశారా, బొమ్మ లెక్కలో ఎత్తు సరిగ్గా తీసేశారా అని చూడండి. గ్రాఫ్ కాగితం మీద స్కేలు రాశారో లేదో, దాన్ని జవాబు పత్రానికి గట్టిగా కట్టారో లేదో చూసుకుని ఇన్విజిలేటరు చేతికి ఇవ్వండి.